పిలుపునకు ప్రత్యుత్తరము

మన పూర్వులకు లేఖారచన యొక శాస్త్రము. పురుషుడు మహారాజశ్రీ, ముత్తైదువ లక్ష్మీసౌభాగ్యవతి, ఆమెయే భర్తను గోల్పోయిన పిమ్మట గంగాభాగీరథీసమానురాలు. స్త్రీ పేరుకంటె ముందుగా ఆమె భర్త యున్నాడో లేడో చాటు నీ పద్ధతిని మేమెన్నడును మర్యాదగా నెంచలేదు. తరువాత దొరతనమువారి కచేరీలు మరియొక మర్యాదను నేర్పినవి: అర్జీ యడుగున “తమ మిక్కిలి విధేయుడైన సేవకుడు” అని వ్రాసి చేవ్రాలు చేయుట. దొరలు 1947లో వెడలిపోయిరి. సేవకుడు మాత్రము మన యుత్తరముల క్రింద నింకను గూర్చుండియే యున్నాడు.

ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చినపుడు మన యువతీయువకులు వ్రాయు ప్రత్యుత్తరములను జూచినచో నీ సంగతి తేటపడును. ఈమెయిలు నిమిషములో చేరుచున్నది గాని యందలి భాష పాత అర్జీదే. దయ, కటాక్షము, ఉద్ధరించుట మొదలగు మాటలతో సగము పుట నిండును. వ్రాసినవారు వచ్చెదరో రారో, ఏ దినమున వచ్చెదరో మాత్రము వెదకికొనవలెను. పిలుపు దానము కాదు. ఒకరికి పనివారు కావలెను, వేరొకరికి పని కావలెను. ఇరువురు నొకరినొకరు చూచుకొనుటకు వేళ నిర్ణయించుకొనుచున్నారు. అంతియే.

చూచుకొనుట యన్నంతనే జ్ఞప్తికి వచ్చుచున్నది. మా వీధిలో పట్టము పుచ్చుకొనిన యొక బాలికకు గురువారము పదిగంటలకు ఇంటర్వ్యూ యని పిలుపు వచ్చినది. ఆ గంటకే పెండ్లిచూపులు నిశ్చయమై యుండెను. తండ్రి సజ్జనుడు, అప్పుచేసి కూతురిని చదివించినవాడు. అయినను “అమ్మాయికి ఒంట్లో బాగులేదని నేనే వ్రాసేస్తాను” అనెను. ఆ పిల్ల మాయొద్దకు వచ్చి, “మామయ్యగారూ, వేరే గంట అడిగితే వాళ్లకి కోపం వస్తుందా?” అని యడిగినది.

రాదంటిమి. కారణ మొక్క వాక్యములో జెప్పి, తనకు వీలైన రెండు మూడు వేళలు సూచించి, ముందుగా నడిగినచో తెలిసినవారెవరును తప్పు పట్టరు. కాని ముందు పెండ్లివారినే వేరొక గంట యడుగరాదా యని తండ్రిని ప్రశ్నించితిమి. ఆయన మాటాడలేదు. వియ్యమందబోవువారిని వేళ మార్చుమనుట సాహసమట. కూతురి జీవనోపాధిని మార్చుట సులభమట! వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టినది 1874లో. నూటయేబది యేండ్లలో చదువు లోపలికి వచ్చినది. తన గడియారమును తాను చూచుకొను హక్కు గుమ్మమువద్దనే నిలిచినది.

పిల్ల ఆ రాత్రియే తానుగా వ్రాసినది. నాలుగే వాక్యములు. పిలిచినందులకు కృతజ్ఞత, తాను కోరిన యుద్యోగము పేరు, వారము, తేది, గంట, స్థలము మరల పేర్కొని తప్పక వచ్చెదననుట, ఏయే పత్రముల మూలప్రతులు తేవలెనను ప్రశ్న. క్రింద తన పూర్తి పేరును, తన ఫోను సంఖ్యయు. తన సంఖ్య యని నొక్కి చెప్పుచున్నాము, తండ్రి సంఖ్య యిచ్చి, కార్యాలయమువారు పిలిచినపుడు “అమ్మాయి వంటింట్లో ఉంది, విషయమేమిటి?” అని వారు విచారింపబడుట మేమెరుగుదుము. ఉత్తరము పోయిన పిదప తండ్రి గొణుగుకొనుచునే పెండ్లివారికి ఫోను చేసెను. వారు సాయంకాలమునకు సరే యనిరి. వరుని తల్లియు నుద్యోగస్థురాలేనట! ఉద్యోగ మెవరికి వచ్చినదో యింకను తెలియలేదు.

ఇట్లు మాటాడి వచ్చుటకు బదులు వీడియోలో మాటాడుడని పిలుచువారు నిపు డెక్కువైరి. అన్యదేశమునుండి పిలుపు వచ్చినచో, ఏ దేశపు గంట యని యడిగి తెలిసికొనవలెను. గ్రీనిచ్చికంటె మన గడియారము అయిదున్నర గంటలు ముందు. ఇంటర్వ్యూకే రుసుము కట్టుమనువారికి ప్రత్యుత్తరమే యక్కరలేదు.

పోవ నిష్టము లేనప్పుడు సయితము రెండు వాక్యములు వ్రాయవలెను. ఆ పదిగంటల వేళకై వేరొక యింట వేరొక పిల్ల యెదురుచూచుచుండును.