కోడిచారులో మొదటి గ్లాసు

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా పూతరేకులే గుర్తొస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బాగానే ఉంది. కానీ పుష్యమాసపు రాత్రి లొల్ల లాకుల మీంచి చలిగాలి కొడుతూ, ఇంటిల్లిపాదీ తుమ్ముతూంటే పూతరేకు ఏం చేస్తుంది చెప్పండి? అప్పుడు కావలసింది నాటుకోడి చారు.

మిరియాలు, శొంఠి, పిప్పళ్ళు - ఆయుర్వేదంలో త్రికటువంటారే, అవే - జీలకర్రా ధనియాలతో కలిపి కచ్చాపచ్చాగా దంచాలి. ఎముకల ముక్కల్లో పసుపూ, వెల్లుల్లీ వేసి, నీళ్ళు దండిగా పోసి, ఈ పొడి కలిపి సన్నసెగన మరగనివ్వాలి. నాటుకోడి ఓ పట్టాన లొంగదు, గంటన్నరైనా పడుతుంది. ఎముకల సారం దిగితేనే ఆ నీళ్ళు చారనిపించుకుంటాయి. దించేముందు రెండు వామాకులు తుంచి వేస్తే ఆ ఘాటుకే సగం జలుబు వదులుతుంది.

ఇంతా చేస్తే మొదటి గ్లాసు ఆయనకి, రెండోది అత్తగారికి, తర్వాత పిల్లలకి. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికీ ముక్కు కారుతోందని ఎవరికీ తోచదు. ఆవిరికనుకుంటారు! మా అమ్మకి ఎప్పుడూ గిన్నె అడుగున మిరియాల మడ్డే మిగిలేది.

అందుకే మా ఇంట్లో ఓ చట్టం చేశాను: మొదటి గ్లాసు కాచినవాళ్ళదే. ఆ మర్నాటినుంచీ మావారూ, మా అబ్బాయీ గరిటె కోసం పోటీలు పడుతున్నారు.