గోడ మీద పరిచిన గోలీలు

ఆమధ్య ఒక పొద్దున కరివేపాకు కోస్తుంటే గోడవతల నుంచి పక్కింటి పెద్దమ్మ పిలిచింది. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"బిడ్డా, మీ అత్తమ్మ ఏసుకునే ఆ ఒంటికి గోలీలు రెండుంటె ఇస్తవా?"

కరీంనగర్‌లో వాళ్ల చెల్లెలి మనవరాలి పెండ్లి. శామీర్‌పేటలో బస్సెక్కితే రాజీవ్ రహదారి మీద దాదాపు మూడు గంటల ప్రయాణం. "నడుమ బస్సు ఆపుమని ఎట్ల అడుగుత? రెండు గోలీలేసుకుంటె నిమ్మళంగ పోయి రావచ్చు గద" అంది.

ఈ గోడ మీదుగా పెరుగు తోడు దాటింది, చింతపండు దాటింది, బతుకమ్మకు తంగేడు పూలు దాటాయి. గోలీ దాటితే ఏమైతదని ఆమె అనుకోవడంలో వింతేమీ లేదు. అయినా నేను ఇవ్వలేదు. "ముందుగాల నువ్వు ఏసుకునే మందులన్నీ తే పెద్దమ్మా" అన్నాను. ఎందుకట్లా అన్నానంటే, మా ఇంట్లో జరిగింది నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

మా అత్తమ్మకు నిరుడు ఎండాకాలంలో సోలిఫెనసిన్ అనే గోలీ రాశారు. రోజుకొకటి, 5 మిల్లీగ్రాములది. మంచిగానే పనిచేసింది. రాత్రి నాలుగైదుసార్లు లేచే మనిషి రెండుసార్లకు వచ్చింది. నోరు ఎండిపోతోందని అనేది, మలబద్ధకం ఉందని అనేది. చిన్న బాధలే కదా అని మేం పట్టించుకోలేదు. అంతలో సర్ది చేసింది. మెడికల్ షాపులో సర్ది గోలీ తెచ్చి వేశాం, డాక్టర్‌ను అడగలేదు. మూడో రోజు సాయంత్రం దీపం పెట్టే వేళ నన్ను చూసి, "ఇది ఎవరిల్లమ్మా?" అంది. నా చేతిలో అగ్గిపెట్టె అట్లాగే ఉండిపోయింది.

డాక్టరమ్మ సర్ది గోలీ పట్టీ తెప్పించుకుని చూసి చెప్పింది: అందులో క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. మూత్రం గోలీ చేసే పనే అదీ చేస్తుంది. రెండూ కలిసేసరికి ముసలి మెదడు తట్టుకోలేకపోయింది. సర్ది గోలీ ఆపించింది, మూత్రం గోలీ కూడా మార్చింది. రెండు రోజుల్లో అత్తమ్మ మళ్లీ మామూలు మనిషైంది. ఆ రెండు రోజులు మాత్రం మా ఆయన నిద్రపోలేదు.

అప్పుడు డాక్టరమ్మ ఓపిగ్గా విడమర్చింది. మూత్రపు సంచి గోడ ఒక కండరం. నిండినప్పుడు ముడుచుకొమ్మని దానికి కబురు మోసేది అసిటైల్‌కోలిన్ అనే పదార్థం. కొందరిలో సంచి సగం కూడా నిండకముందే కండరం ముడుచుకుంటుంది. ఆపుకోలేనంత తొందర పెట్టడం, దాంతో మాటిమాటికీ పోవడం, రాత్రి లేవడం, కొన్నిసార్లు దారిలోనే బట్టలు తడవడం, ఇదీ ఈ జబ్బు. సోలిఫెనసిన్, టోల్టెరొడిన్, ఆక్సీబ్యుటినిన్ లాంటివి ఆ కబురును అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే ఆ కబురు సంచికొక్కదానికే వెళ్లదు. లాలాజలానికి, పేగులకు, కంటిపాపకు, చెమటకు, జ్ఞాపకానికీ అదే కబురు. అందుకే నోరెండడం, మలబద్ధకం, చూపు మసకబారడం. చెమట తగ్గితే ఒళ్లు చల్లబడదు. మన మే నెల ఎండల్లో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? 1991లో మార్క్ బీర్స్ అనే అమెరికా డాక్టర్ ముసలివాళ్లకు జాగ్రత్తగా చూసి ఇవ్వాల్సిన మందులకు ఒక జాబితా మొదలుపెట్టాడట. ఆ జాబితాను ఇప్పటికీ సవరిస్తూ వాడుతున్నారు, ఈ జాతి మందులు అందులో ఉన్నాయి. అంటే అసలు వాడొద్దని కాదు. ఎవరికి, ఎంత, వేరే ఏ మందుతో పాటు అన్నది చూసి ఇవ్వాలని.

ఇదంతా పెద్దమ్మకు చెప్పేలోపు ఆమె ప్లాస్టిక్ కవరు తెచ్చింది. గోడ మీద ఒక్కొక్కటే పరిచాం. బీపీ గోలీ. షుగర్ గోలీ. ఒంట్లో నీరు దించే గోలీ. మోకాళ్ల నొప్పులకు ఎవరో చెప్పిన గోలీ. అడుగున చిన్న చుక్కల మందు సీసా.

"ఇదేంది పెద్దమ్మా?"

"కంట్ల ప్రెషరుందన్నరు. రాత్రి పండుకునేటప్పుడు ఏసుకుంట."

కంట్లో ప్రెషర్ అంటే నీటికాసులు. అందులో ఒక రకం ఉన్నవాళ్లు మా అత్తమ్మ వేసుకున్న గోలీ వేసుకుంటే కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి చూపుకే ఎసరు రావచ్చు. ఆమెది ఏ రకమో ఆమెకు తెలియదు, నాకు తెలియదు. కంటి డాక్టర్ చెప్పాల్సిన మాట అది. రెండు గోలీలు గోడ మీదుగా ఇచ్చి ఉంటే?

ఇంకో సంగతి. నీరు దించే గోలీ ఎప్పుడు వేసుకుంటున్నావంటే, రాత్రి అన్నం తిన్నాక అంది. పొద్దున పనుల్లో మర్చిపోతదట. ఆ గోలీ పనే ఒంట్లో నీటిని మూత్రంగా పంపడం. రాత్రి వేసుకుంటే రాత్రంతా లేవక తప్పదు. షుగర్‌కు ఈమధ్య ఎక్కువగా రాస్తున్న డపాగ్లిఫ్లోజిన్ కూడా చక్కెరను మూత్రంలోకే తోస్తుంది, దాంతో మూత్రం ఎక్కువవుతుంది. ఆమె షుగర్ గోలీ అదో కాదో నేను పోల్చుకోలేకపోయాను.

"రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నవ్?"

"నాలుగుసార్లు. ఒక్కోపారి తలుపు దాక పోకముందె..." మాట మింగేసింది. మూడేండ్ల సంది ఇదే బాధట. కొడుక్కు చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైలు వచ్చినప్పుడు కాలనీ ఆడవాళ్లమంతా ఎక్కి సికింద్రాబాద్ పోయొచ్చాం. మోకాళ్లు నొస్తున్నయని తను ఆగిపోయింది. అసలు కారణం ఆ రైల్లో బాత్రూం లేకపోవడమని ఆ పొద్దున చెప్పింది. ఊరికి పోయేరోజు పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టదట. దూపైనా ఓర్చుకుంటదట. నాకు కడుపులో దేవినట్టయింది. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది.

నిజానికి మనం మందుల నడుమ బతికేవాళ్లం. శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ, ప్రపంచానికి టీకాలు పోయేది అక్కడి నుంచే. 108 అంబులెన్సులను నడిపే ఈఎంఆర్ఐ మన మేడ్చల్ రోడ్డు మీదే, దేవరయాంజాల్‌లో ఉంది. అయినా ఒక ఆడమనిషి ఈ బాధను ఆస్పత్రిలో నోరు తెరిచి చెప్పడానికి మూడేండ్లు పట్టింది. ఈ మందుల్లో ప్రమాదం సగం ఆ సిగ్గు వల్లే వస్తుందని నా నమ్మకం. దాచుకున్నవాళ్లే పక్కింటి గోలీ అడుగుతారు, వేసుకునే మిగతా గోలీల సంగతి డాక్టర్‌కు చెప్పరు.

రెండు గోలీలతో పెండ్లి గట్టెక్కదన్న సంగతి కూడా చెప్పాను. ఈ మందుల గుణం పూర్తిగా తెలియడానికి వారాలు పడుతుంది. వేసుకోగానే దిగే తలనొప్పి గోలీ లాంటిది కాదు.

మర్నాడు నేనే తోడు వెళ్లాను. ఆ ప్లాస్టిక్ కవరు మొత్తం డాక్టరమ్మ బల్ల మీద పెట్టాం. ముందు మూత్ర పరీక్ష. ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇదే తొందర ఉంటుంది, దానికి వైద్యం వేరు. షుగర్ చూసింది. నీరు దించే గోలీని పొద్దుటికి మార్చింది. మూడు రోజులు ఎన్నిసార్లు పోయింది, ఎంత తాగింది, ఎప్పుడు ఆగలేకపోయింది రాసి తెమ్మంది. పెద్దమ్మకు రాయడం రాదు, మనవడి లెక్కల నోట్‌బుక్కులో నేను గీతలు గీసిచ్చాను. పోయినప్పుడల్లా ఒక అడ్డగీత, చాయ్ తాగినప్పుడల్లా ఒక సున్న. మూడు రోజులకు సున్నలే పద్దెనిమిది తేలాయి. రోజుకు ఆరు చాయ్‌లు! రెండుకు తగ్గించమంది. తొందర పుట్టగానే పరుగెత్తకుండా ఐదు నిమిషాలు ఆగడం అలవాటు చేసుకోమంది, కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం నేర్పింది.

సగం బాధ దాంతోనే తగ్గింది. మిగతా సగానికి, కంటి సంగతి దృష్టిలో పెట్టుకుని, మిరాబెగ్రాన్ 25 మిల్లీగ్రాముల గోలీ రాసింది. అది వేరే దారిలో పనిచేస్తుంది, సంచి కండరాన్ని వదులు చేస్తుంది. నోరెండడం తక్కువ. కానీ బీపీ పెంచవచ్చు. 180/110కి తగ్గకుండా ఉన్నవాళ్లకు ఇవ్వనే ఇవ్వరు. పెద్దమ్మ బీపీ అదుపులో ఉందని చూసుకున్నాకే రాసింది. వారం వారం బీపీ చూపించుకోమంది, గుణం పూర్తిగా తెలియడానికి ఎనిమిది వారాలైనా చూడాలంది. ఈ గోలీ విరవొద్దు, నూరొద్దు, నమలొద్దు, ఎందుకంటే లోపల మందు మెల్లమెల్లగా విడుదలయ్యేట్టు చేసింది అది. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.

మగవాళ్లకూ ఒక మాట. ప్రొస్టేట్ పెరిగినవాళ్లకు కూడా ఇట్లాగే మాటిమాటికీ వస్తుంది. సంచి సరిగా ఖాళీ కానివాళ్లు ఈ గోలీలు వేసుకుంటే మూత్రం పూర్తిగా నిలిచిపోవచ్చు. పొత్తికడుపు ఉబ్బి మూత్రం రాకపోతే, కన్ను ఎర్రబడి విపరీతంగా నొస్తే, ముఖమో నాలుకో వాస్తే, మనిషి మాట తడబడి అయోమయంగా ఉంటే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. మందు పడక ఏ ఇబ్బంది వచ్చినా 1800-180-3024 అనే ఉచిత నంబరుకు చెప్పవచ్చు. అది ప్రభుత్వానిదే, మందుల చెడు గుణాలను నమోదు చేసుకోవడానికి పెట్టింది.

పెండ్లికి పెద్దమ్మ పోయొచ్చింది. కొడుకు కారులో తీసుకుపోయాడు, దారిలో రెండుచోట్ల ఆపాడు. మూడేండ్లలో మొదటిసారి అతనికి నోరు తెరిచి చెప్పింది మరి. రాత్రి ఇప్పుడు రెండుసార్లే లేస్తోంది. నిన్న గోడ దగ్గరికొచ్చి లడ్డూలు ఇచ్చింది, మంచినీళ్ల చెంబు కూడా చేతిలోనే ఉంది.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల కవరు ఒకసారి బల్ల మీద కుమ్మరించండి. కంటి చుక్కలు, సర్ది గోలీ, రాత్రిపూట నీరు దించే గోలీ ఏది కనబడినా, తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి ఆ కవరు మొత్తం తీసుకెళ్లండి.