‘ఇస్కూల్’ నేర్పిన పాఠం



“అన్నా, నువ్వు ఎం.ఏ. ఇంగ్లీషు చేసినవ్ గదా, ఇంగ్లీషు ఎట్ల నేర్చుకోవాల్నో సంచికకు రాయి” అని తమ్ముళ్లు అడిగారు. అది రాసే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి.

మా నాయిన సుతారి మేస్త్రి. అమ్మ ఆయన వెంటే మాలు మోస్తుంది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాడిని నేనే. జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి ట్రంకుపెట్టెతో ఉప్పుగూడలో దిగిన రోజు ఇప్పటికీ గుర్తుంది. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒకరోజు పాఠం చదవమంటే లేచి చదివాను. ‘రోడ్డు’, ‘బస్సు’, ‘బుక్కు’ అని నా నోట రాగానే క్లాసంతా గొల్లుమంది. ఆ రాత్రి మెస్‌లో ముద్ద దిగలేదు. తర్వాత రెండేళ్లు క్లాసులో నోరు తెరవలేదు.

కసితోనే ఎం.ఏ. ఇంగ్లీషులో చేరాను. రోజూ ఉప్పుగూడలో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కి, కాచిగూడ, విద్యానగర్ దాటి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగేవాణ్ని. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయంలో తెలుగు పల్లె పిల్లవాడు ఇంగ్లీషు సాహిత్యం చదవడం నాకే వింతగా ఉండేది. ముల్క్ రాజ్ ఆనంద్ 1935లో రాసిన ‘అన్‌టచబుల్’ నవల ఆ రైలులోనే చదివాను. పాకీ పని చేసే బఖా అనే కుర్రవాడి ఒక్కరోజు బతుకు అది. డిక్షనరీ పెద్దగా అవసరం రాలేదు. అటువంటి రోజుల గురించి మా తాత ఎప్పుడో చెప్పి ఉన్నాడు.

నా భయం పోగొట్టింది మాత్రం భాషాశాస్త్రం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే ‘బస్’ మన నోట ‘బస్సు’ అవుతుంది. అది తెలివితక్కువతనం కాదు, మన భాష నియమం. ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలను ఊరూరా సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వెలువరించారు. అది తెలిసినప్పుడు మా నాయిన అనే తాపీ, రసమట్టం, మాలు కూడా చదువులో చోటున్న మాటలే అనిపించింది.

ఇంత నేర్చుకుని బి.ఇడి.లో చేరాను. టీచింగ్ ప్రాక్టీస్‌కు పాతబస్తీలో ఒక బడికి పంపారు. ఆరో తరగతిలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్న ఒక బాబు పాఠం చదువుతూ ‘ఇస్కూల్’ అన్నాడు. “ఇస్కూల్ కాదురా, స్కూల్!” అని నేను వాడి గొంతుతోనే వెక్కిరించాను. పిల్లలంతా నవ్వారు. వాడు పుస్తకం మూసి తల దించుకున్నాడు. ఆ దించుకున్న తల ఒకప్పటి నాదే.

ఆ రాత్రి హాస్టల్ గదిలో లెసన్ ప్లాన్ ముందు పెట్టుకుని ఒక్క అక్షరం రాయలేకపోయాను. మనం మాట చివర ‘ఉ’ చేరుస్తాం. ఉర్దూ మాట్లాడే చాలామంది ‘స్క’, ‘స్ట’ల ముందు ‘ఇ’ చేరుస్తారు. స్పానిష్‌వాళ్లు బడిని ‘ఎస్కువేలా’ అంటారు, వారిదీ ఇదే దారి. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న విషయమే ఇది. క్లాసులో నిలబడగానే మరిచిపోయాను.

మర్నాడు పిల్లలకు నా ‘రోడ్డు’ కథ చెప్పాను. బోర్డు మీద ‘బస్సు’, ‘ఇస్కూల్’ పక్కపక్కన రాసి, రెండూ ఎందుకు వస్తాయో వివరించాను. ముందు ‘స్‌స్‌స్’ అని సాగదీసి, ఆపకుండా ‘కూల్’ కలపమని అందరి చేతా పలికించాను. నవ్వింది తప్పు, నాదే మొదటి తప్పు అని ఒప్పుకున్నాను. ఆ బాబు ఆ రోజు మాట్లాడలేదు. నాలుగో రోజు తనే చెయ్యెత్తాడు. మళ్లీ ‘ఇస్కూల్’ అనే చదివాడు. ఎవరూ నవ్వలేదు. పేరా చివరిదాకా చదవనిచ్చి, తర్వాతే ఉచ్చారణ చెప్పాను.

తమ్ముళ్లూ, ఇంగ్లీషు టీచర్లు కావాలనుకునేవారికి మన నగరంలోనే మంచి చోటుంది. ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసం 1958లో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ 1972లో సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అది తార్నాకలోనే ఉంది. ధైర్యంగా దరఖాస్తు చేయండి.

ఇక ఇంగ్లీషు ఎట్లా నేర్చుకోవాలంటారా? రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట, ఇద్దరిద్దరు కూర్చుని పైకి చదవండి. ఒకరు తప్పు చదివితే రెండోవారు నవ్వకూడదు. అదొక్కటే నియమం. నేను ఈ నెల నుంచి మన డైనింగ్ హాల్లో కూర్చుంటాను. ‘రోడ్డు’ అనేవాళ్లు ముందు రండి.