భయమునకు ఆలంబనము

భయానకరసమునకు విభావములుగా వికృతరవములను, శూన్యగృహములను, అరణ్యములను, భూతదర్శనమును మన లాక్షణికులు చెప్పిరి. తన యునికియే తనకు భయకారణమగుట ఆ పట్టికలో కానరాదు. అమెరికాలో పెద్ద స్టూడియోల పెంపకమునకు వెలియైన కొందఱు చిత్రకారులు ఈ కొఱతను తీర్చుచున్నారు. స్త్రీపురుషవిభాగమున గాని, ప్రేమవిషయమున గాని లోకము గీచిన గీతలో ఇమడనివారు తమ్ము ‘క్వీరు’లని చెప్పుకొందురు, ఒకప్పుడది తిట్టు. పాత హాలీవుడ్డులో అట్టివారి ఛాయ కనబడినచో తఱచుగా రాక్షసరూపముననే కనబడెడిది. తరువాతివారు ఆ భూతకథనే తమ చేతిలోనికి తీసికొనిరి. 1991లో సండాన్సు ఉత్సవమున ప్రథమబహుమానము పొందిన టాడ్ హేన్స్ ‘పాయిజన్’లో ఒక భాగము పాత చవుకబారు భూతచిత్రముల తీరున నలుపు తెలుపులలో నడచును, అందలి రోగగ్రస్తుడైన శాస్త్రజ్ఞుని చూచి జనులు బెదరుట ఆనాటి ఎయిడ్సు భయమునకు ప్రతిబింబము.

మేము చెప్పదలచినది 2024లో వెలువడిన ‘ఐ సా ది టీవీ గ్లో’ను గూర్చి. దర్శకులు జేన్ షోన్‌బ్రన్, ట్రాన్స్‌జెండరు వ్యక్తి. కథ 1996లో మొదలగును. ఓవెన్ అను బాలునకు, మ్యాడీ అను బాలికకు ‘ది పింక్ ఒపేక్’ అను టెలివిజను ధారావాహికపై ప్రాణము. అది ఆడపిల్లల కథ గదా యని తండ్రి యొక్క మాట యనును. కేక లేదు, దెబ్బ లేదు. ఆ మాట వాని బ్రతుకంతయు వానితో నడచును.

ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్నాము. ఇట్టి మాట వినబడని తరగతిని మేమెఱుగము. నడక చూచి యొకడు, చేతి కదలిక చూచి యొకడు. వార్షికోత్సవమున సత్యభామ వేషము కట్టిన బాలుని చప్పట్లతో ముంచెత్తుదురు. మఱునాడు ఆ జడ పేరు చెప్పియే వెక్కిరింతురు. స్థానం నరసింహారావుగారి సత్యభామను వేనోళ్ళ పొగడిన జాతి మనది. ఆ పొగడ్త రంగస్థలము మెట్లు దిగి యింటిలోనికి రాలేదు.

మ్యాడీ యదృశ్యమై, కొన్నియేండ్లకు తిరిగివచ్చును. ఆ ధారావాహికయే నిజము, ఈ లోకమే కల్ల. నీవు ఓవెనువు కావు, అందలి ఇజబెల్ అను కన్యవు. దుష్టుడొకడు నిన్ను సజీవముగా పూడ్చిపెట్టినాడు, మరల పూడ్చుకొనిననే మేలుకొందువు — ఇది ఆమె చెప్పు వార్త. (ఈ ప్రసంగము మిక్కిలి దీర్ఘము, ఓపిక కావలయును.) వేదాంతగ్రంథములలో దశముని కథ కలదు. నది దాటిన పదుగురు, ఎవనికివాడు తన్ను మఱచి తొమ్మండుగురనే లెక్కించి యేడ్చుచుండగా, దారిన పోవువాడొకడు పదవవానిని వానికే చూపును, ఏడ్పు మానును. ఇచ్చట దారిన పోవువారు వచ్చి చెప్పిరి. పదవవాడు విని పాఱిపోయెను. ఆ కథలో తన్ను తానెఱుగుటకు వెల లేదు. ఇందు ఇల్లు, పేరు, తండ్రి, ఊపిరి — అన్నియు వెలయే. పైగా చెప్పినది నిజమో, పిచ్చియో తెలియదు.

సంఘసంస్కరణ నాటకములైనచో తండ్రిని దుర్మార్గునిగా చేసి, కడపట కంటతడి పెట్టించి, మన జాలి నడిగెడివి. అట్టివి మేమును చదివి సంతోషించితిమి. అయినను జాలి పడువాడు గట్టుమీదనే యుండును. ఈ చిత్రము మనలను మట్టిలోనికి దింపును. దయ్యము వచ్చునేమో యని కాదు, ఏమియు రాకుండ ఇరువది యేండ్లు గడచిపోవునేమో యని మాకు భయము కలిగినది.

నిజముగా గడచిపోవును. ఒకచోట వీథిలో సుద్దముక్కతో వ్రాసిన యక్షరములు ఇంకను వేళ మించలేదని చెప్పును. ఓవెన్ మాత్రము పిల్లల వినోదశాలలో కొలువు చేయుచు ముదుసలివలె నగును. ఒకనాడు పుట్టినరోజు పండుగ నడుమ తాను చచ్చిపోవుచున్నానని యఱచును. ఎవరును తల త్రిప్పరు. స్నానపుగదిలో తన ఱొమ్ము తానే చీల్చి చూచుకొనగా లోపల టెలివిజను వెలుగు మిణుకుమిణుకుమనుచుండును. మరల చొక్కా తొడిగికొని, బయటికి వచ్చి, కనబడినవారినెల్ల మన్నింపుమని వేడుకొనుచు పోవును.

“ఈ అబ్బాయి ఎవరికేం చేశాడండీ?” అని మా గృహిణి యడిగెను. అంతలో చిత్రము ముగిసెను.