నాలుగున్నర శాతం, ఎన్నిసార్లు?

"చీటీలో కంపెనీకి అయిదు శాతం కడుతున్నావు కదా మావయ్యా, ఇక్కడ నాలుగున్నరే" అన్నాడు మా మేనల్లుడు. వాడు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ సెప్టెంబరులో అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మొదలవుతుంది. వారానికి అయిదు ఆటలు, ఆటకు 110 డాలర్ల పందెం, లాభనష్టాల్లో నాకు సగం వాటా. ఇదీ వాడి ప్రతిపాదన. నేను చీటీ పాడుకున్న రెండు లక్షలు చేతిలో ఉన్నాయని వాళ్లమ్మ చెప్పినట్టుంది.

వాడు చెప్పిన అంకె తప్పు కాదు. పైగా అంతకు ముందు సీజన్లో 90 పందేలు కాసి 49 గెలిచాడు, 390 డాలర్లు మిగిలాయి. కష్టపడి సంపాదించుకునే పిల్లాడు, నా డబ్బు తినేద్దామని అడిగినవాడు కాదు. అందుకని ఫోన్లో అవునూ కాదూ అనకుండా, రాత్రి కొట్టు కట్టేశాక పద్దుల పుస్తకంలో తెల్ల కాగితం తీసి కూర్చున్నాను. కొత్తవలసలో నాది కిరాణా కొట్టు. కిరండూల్ రైలు మార్గం మా జంక్షన్లోనే విడిపోయి అరకు వైపు కొండలెక్కుతుంది. ఈ ఊళ్లో ఆ ఆట చూసేవాళ్లెవరూ నాకు తెలీదు. పందెం లెక్కకు ఆట తెలియనక్కర్లేదని మాత్రం ఆ రాత్రే తెలిసింది.

డల్లాస్ కౌబాయ్స్, న్యూయార్క్ జెయింట్స్ ఆడుతున్నాయనుకుందాం. డల్లాస్ బలమైన జట్టు. ఎవరు గెలుస్తారని అడిగితే అందరూ డల్లాస్ మీదే కాస్తారు, అప్పుడు పందెం నడపడం కష్టం. అందుకని డల్లాస్ పక్కన మైనస్ మూడున్నర అని పెడతారు. దీన్ని పాయింట్ స్ప్రెడ్ అంటారు. డల్లాస్ మీద కాసినవాడు గెలవాలంటే ఆ జట్టు కనీసం నాలుగు పాయింట్ల తేడాతో గెలవాలి. జెయింట్స్ మూడు పాయింట్లతో ఓడినా దాని మీద కాసినవాడికి డబ్బులొస్తాయి. ఆ అర పాయింటు ఊరికే పెట్టింది కాదు. ఫీల్డ్ గోల్‌కి మూడు పాయింట్లు. టచ్‌డౌన్‌కి ఆరు, దాని వెంట తన్నే కిక్కుకి ఇంకొకటి, మొత్తం ఏడు. అందువల్ల చాలా ఆటలు మూడు తేడాతోనో ఏడు తేడాతోనో ముగుస్తాయి. సరిగ్గా మూడు అని పెట్టి, తేడా కూడా మూడే వస్తే ఎవరి డబ్బు వాళ్లకి తిరిగి ఇచ్చేయాలి. 1940లలో ఈ పద్ధతి తెచ్చింది చార్లెస్ మెక్‌నీల్ అని చెబుతారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసినవాడు.

అంటే పందెంలోని ప్రశ్న ఏ జట్టు గొప్పదని కాదు. రెండు వైపులా అవకాశం ఇంచుమించు సగం సగం అయ్యేలా తూకం వేసి మన ముందు పెడతారు. మనకు ఆట ఎంత బాగా తెలిసినా, ఆ తెలివంతా ముందే ఆ మూడున్నరలో కలిసిపోయి ఉంటుంది.

ఇక వాళ్ల ఆదాయం. వంద డాలర్లు గెలవాలంటే 110 పెట్టాలి. అటు ఒకడు, ఇటు ఒకడు కాస్తే పందేలు నడిపే యాప్ దగ్గర 220 చేరతాయి. గెలిచినవాడికి 210 ఇస్తుంది, పది ఉంచుకుంటుంది. 220లో పది అంటే 4.55 శాతం. మా వాడి నాలుగున్నర ఇదే. చేతి డబ్బు పోకుండా ఉండాలన్నా నూటికి 52.4 పందేలు గెలవాలి.

చీటీతో పోలిక దగ్గరే నాకు అసలు సంగతి తగిలింది. చీటీ కంపెనీ కమీషను 1982 చట్టం ప్రకారం అయిదు శాతం మించకూడదని ఉండేది, 2019 సవరణతో ఆ హద్దును ఏడు శాతం చేశారు. ఇరవై మంది, నెలకు అయిదు వేలు, ఇరవై నెలలు, లక్ష చీటీ అనుకోండి. నేను ఇరవై నెలల్లో లక్ష కడతాను. కంపెనీకి నా తరఫున పోయే అయిదు వేలు నా వంతు పాట వచ్చినప్పుడు ఒక్కసారే. పందెంలో అలా కాదు. ఒక్కో పందేనికి సగటున పోయేది అయిదు డాలర్లు. అదే 110 డాలర్లను సీజన్లోని పద్దెనిమిది వారాలూ వారానికొకసారి తిప్పితే, పద్దెనిమిది అయిదులు తొంభై. 110లో తొంభై! మా వాడిలా వారానికి అయిదు ఆటలు కాస్తే 90 పందేలు, సగటు నష్టం 450 డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన 38,250. అందులో సగం నాది.

కొట్టు పెట్టినవాడికి ఇది కొత్త పాఠం కాదు. పప్పు మీదో పంచదార మీదో కిలోకి మిగిలేది కొద్దిగానే. సరుకు ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లు మిగులుతుంది. పందెంలో కూడా అంతే, కాకపోతే అక్కడ కొట్టు యాప్‌ది, తిరిగే సరుకు మన డబ్బు.

మరి మా వాడికి లాభం ఎలా వచ్చిందని అడుగుతారు. నేనూ అదే ఆలోచించాను. 90 పందేల్లో 48 గెలిస్తే లాభం, 47 అయితే 30 డాలర్ల నష్టం. నాణెం ఎగరేసి జట్లను ఎంచుకున్నా, పది మందిలో ఇంచుమించు ముగ్గురు 48 గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలుస్తారు. ఆ ముగ్గురూ తమకు ఆట తెలుసునని నమ్ముతారు, మరుసటి ఏడాది ఇంకా పెద్ద మొత్తం పెడతారు. ఓడిపోయినవాడికంటే మొదటి ఏడాది గెలిచినవాడి గురించే నాకు ఎక్కువ భయం.

పార్లే అని ఇంకొకటి ఉంది. మూడు ఆటలు కలిపి ఒకే పందెం, మూడూ గెలిస్తేనే డబ్బు. మూడింట్లోనూ గెలిచే అవకాశం ఎనిమిదిలో ఒకటి. రూపాయికి ఎనిమిది రూపాయలు తిరిగి రావాలి, వచ్చేది ఏడుకు కాస్త తక్కువ. వాళ్ల కోత నాలుగున్నర నుంచి పదమూడు శాతానికి పోయింది. నాలుగు ఆటలైతే పదిహేడు. యాప్ తెరవగానే ముందు కనబడేవి ఇవేనని మా వాడే చెప్పాడు.

చట్టం సంగతీ చూశాను. అమెరికాలో 1992 నాటి కేంద్ర నిషేధాన్ని 2018 మే 14న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది న్యూజెర్సీ రాష్ట్రమే. కాబట్టి ఎడిసన్‌లో కాయడం తప్పు కాదు. మనవాళ్లు అంతకంటే ఎక్కువగా ఉన్న టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఇంకా అనుమతి లేదు. నా వాటా డబ్బు ఇక్కడి నుంచి పంపడం మాత్రం కుదరదు. 2000 నాటి ఫెమా కరెంట్ ఖాతా నిబంధనలు లాటరీ టికెట్లకీ, ఫుట్‌బాల్ పూల్స్‌కీ విదేశాలకు డబ్బు పంపడాన్ని నిషేధించాయి. ఇక్కడ ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా ఆగాయి.

పన్ను గురించి మా వాడికి నేను చెప్పాల్సి వచ్చింది. అమెరికాలో పందెం గెలుపులు ఆదాయమే. 2025లో వచ్చిన పన్ను చట్టం ప్రకారం 2026 నుంచి నష్టాల్లో తొంభై శాతమే మినహాయింపుగా చూపించుకోవచ్చు. పదివేల డాలర్లు గెలిచి పదివేలు ఓడినవాడికి చేతికొచ్చింది సున్నా. కానీ వెయ్యి డాలర్ల మీద పన్ను కట్టాలి.

నా రెండు లక్షలతో కొట్టు సరుకు కోసం తెచ్చిన అప్పు తీర్చేశాను. నూటికి రూపాయి వడ్డీ, నెలకు రెండు వేలు ఆగిపోయింది, ఏడాదికి ఇరవై నాలుగు వేలు. ఈ రాబడికి ఏ జట్టూ గెలవక్కర్లేదు.

"ఏటి మావయ్యా, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు మా వాడు. నొచ్చుకున్నాడు. నమ్మకం వాడి మీద ఉంది, ఆ వందకు 110 లెక్క మీద లేదని చెప్పాను. ఇంకొక మాటా అడిగాను, "ఎంత గెలిచావో కాదు అల్లుడూ, సీజను మొత్తం మీద ఎంత కాశావో చెప్పు" అని. యాప్‌లో ఆ లెక్క దొరుకుతుంది, ఎవరూ తెరిచి చూడరు. మా వీధి కుర్రాళ్లు ఐపీఎల్ రోజుల్లో కాసే పందేల్లో ఆ లెక్క కూడా ఉండదు. నోటి మాట, ఫోన్ పే, ఆ తర్వాత అప్పు. అడగడానికి కాగితం లేదు, ఫిర్యాదు చేయడానికి చట్టం వాళ్ల వైపు లేదు. నిద్ర పట్టని స్థితికి వచ్చిన పిల్లలుంటే 14416కి ఫోన్ చేయించండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు.

మా వాడు ఆ మొత్తం పంపాడు. 9,900 డాలర్లు. వాడు 390 గెలిచానని చెప్పుకున్న సీజన్లో వాడి చేతుల మీదుగా తిరిగిన డబ్బు అది. చూసి, "ఇంత కాశానా?" అన్నాడు. ఈ ఏడాది వారానికి ఒక ఆటే, పాతిక డాలర్లు, పార్లే లేదు అని తనే చెప్పాడు. లెక్క వేసి చూశాను. సీజనుకి సగటున పోయేది ఇరవై డాలర్ల చిల్లర. అంతవరకైతే నాకు అభ్యంతరం లేదు.