కారణం దొరకని చావు

సాఫ్ట్‌వేర్‌లో మేం ప్రాణం లేనివాటికి పోస్ట్‌మార్టం చేస్తుంటాం. అర్ధరాత్రి ఓ సర్వర్ పడిపోతుంది. తెల్లారేలోపు దాన్ని లేపి నిలబెట్టి, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని అసలెందుకు పడిపోయిందో రాస్తాం. టయోటా కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పద్ధతి ఒకటుంది: వరసగా ఐదుసార్లు 'ఎందుకు' అని అడగాలి. ఐదోసారికి అసలు కారణం బయటపడుతుందని నమ్మకం. ఆ పత్రంలో 'తెలియదు' అని రాసుకునే గడి మాత్రం ఉండదు.

కిందటి కార్తీకంలో మా పెరట్లో కోడిపెట్ట చచ్చిపోయింది. ఇంట్లో నీచు వండని నెల. కోడి బతుక్కి అంతకంటే భద్రమైన నెల లేదు.

నాన్న పోయాక అమ్మ పల్నాడు వదిలి హైదరాబాద్ శివార్లలోని మా ఇంటికొచ్చింది. మొదటి ఆర్నెల్లూ చుట్టపుచూపుగా వచ్చినదానిలాగే ఉంది. మూడు వనరాజా పెట్టల్ని తెచ్చుకున్నాకే ఇల్లు ఆమెదైంది. వనరాజా అంటే ఇక్కడి రాజేంద్రనగర్‌లోనే, కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళు పెరటి పెంపకం కోసం తయారుచేసిన జాతి. గోధుమరంగు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పట్టుకుని అమ్మ వీధిలో ఒక్కో గడపా ఎక్కింది. నాలుగేళ్ళుగా నాకు పేర్లు తెలియని ఇరుగుపొరుగు, నాలుగు నెలల్లో ఆమెకి పిన్నులూ వదినలూ అయిపోయారు.

పోయింది ఆ మూడింట్లో పెద్దది. పొద్దున నూకలు తింది. పదకొండింటికి గుడ్డు పెట్టి, ఎప్పట్లాగే ఆ సంగతి పెరడంతా చాటుకుంది. రెండింటికి నేను మీటింగ్ ముగించి బయటికొచ్చేసరికి జామచెట్టు కింద పక్కకి ఒరిగి ఉంది. నెత్తురు లేదు. ఈకలు రాలలేదు. తురాయి ఇంకా ఎర్రగానే ఉంది.

నేను వెంటనే లెక్కలు మొదలుపెట్టాను. ఎండదెబ్బా? చలికాలం. పిల్లా, పామా? గాటు లేదు. కొక్కెర తెగులా? టీకా వేయించాం. పైగా అదే అయితే గురక, పచ్చటి విరేచనాలు, మెడ మెలితిరగడం, ఏదో ఒకటి ముందే కనిపించాలి. గుడ్డు అడ్డుపడిందా? మూడు గంటల కిందటే పెట్టింది కదా. తెలుగులో ఈ పనికి మంచి మాటే ఉంది, కోడిగుడ్డుకి ఈకలు పీకడమని. ఆ పూట అక్షరాలా అదే చేశాను.

పశువైద్యుడికి ఫోన్ చేస్తే ఆయన ఓపిగ్గా చెప్పారు. "కోడి జబ్బుని దాచుకుంటుందండీ. నీరసంగా కనబడితే తోటి కోళ్ళే పొడుస్తాయి. అందుకే చివరిదాకా మామూలుగానే తిరుగుతుంది. గుండె ఆగి ఉండొచ్చు, లివర్‌కి కొవ్వు పట్టి పగిలి ఉండొచ్చు, కలరా కూడా కావచ్చు. తెలియాలంటే కోసి చూడాలి. ఫ్రీజర్‌లో పెట్టకండి, ఐసు మధ్య పెట్టి త్వరగా తీసుకురండి. ఇవాళ పెట్టిన గుడ్డు మాత్రం తినొద్దు."

"తెలిస్తే లేచొచ్చిద్దా?" అంది అమ్మ.

"మిగతా రెండిటి కోసమే."

ఇంకేం మాట్లాడలేదు. తనే పాత చీరముక్కలో చుట్టి ఐసుడబ్బాలో పెట్టింది. కారులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

డాక్టర్ కోసి చూసి, అంటురోగం గుర్తులేవీ లేవన్నారు. లివర్ బాగుంది, పేగులు బాగున్నాయి. బహుశా గుండె అయుంటుంది, అది కూడా ఊహేనన్నారు. అంతలో అమ్మ ముందుకొంగి "ఆ పసుపుపచ్చవి ఏంది సార్?" అని అడిగింది. ఆయన చూపించారు. అండాశయం. పెద్దదాన్నుంచి చిన్నదాకా, పూసలు గుచ్చినట్టు సొనలు. ఇది ఎల్లుండిది, ఇది ఆ తర్వాతిది, ఇవి వచ్చేవారానివి. రేపటిదైతే అప్పుడే దారిలో ఉంది, పెంకు ఇంకా పట్టలేదు.

కారణం కోసం వెళ్ళినవాళ్ళకి కనిపించింది రేపటి ఏర్పాట్లు. ఐదు 'ఎందుకు'ల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు.

"కోడేగా, ఇంకోటి కొనుక్కోవచ్చు," అన్నాడు నా కొలీగ్. తప్పేం అనలేదు. ఆదివారం ఆదివారం చికెన్ వండే ఇల్లు మాది. ఇలాంటి ఇంట్లో కోడి కోసం బాధపడటానికి మొహమాటమేస్తుంది. ఈ మొహమాటం గురించి నేను చదివినవాటిలో గొప్ప వ్యాసం ఈ.బి. వైట్ 1948లో అట్లాంటిక్ పత్రికలో రాసిన 'డెత్ ఆఫ్ ఎ పిగ్'. మాంసానికి పెంచిన పంది జబ్బుపడితే దాన్ని బతికించడానికి తంటాలుపడతాడాయన. ఎలాగూ చంపాల్సిందే కదా అన్న తర్కం అక్కడ పనిచేయదు. మనం చంపుకుంటే అది సంసారం. దానంతటది పోతే అది చావు.

తెలుగులో కోడిపుంజుకి వీరగాథ ఉంది. చిట్టిమల్లు, శివంగిడేగ పందెంలో ఓడిన పక్షం రాజ్యం వదిలి ఏడేళ్ళు వెళ్ళాల్సొచ్చింది. ఆ వీరుల గుళ్ళున్న కారంపూడి పక్కనే మా అమ్మ పుట్టింది. డేగ, కాకి, నెమలి, పింగళ అంటూ పుంజుల రంగులకి శాస్త్రమే ఉంది. పెట్టకి సామెతల్లో చోటు దొరికింది, గంప కింద చోటు దొరికింది. అది గుడ్డు పెట్టడం వార్త కాదు, మానేస్తేనే వార్త.

ఇంటికొచ్చాక పెరటి చివర లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం. ఆ రోజు గుడ్డునీ అందులోనే పెట్టింది అమ్మ.

మూడోరోజు పొద్దున, పక్కింటి పిన్ని గోడ దగ్గరకొచ్చి ఈవారం గుడ్లేవని అడిగింది. అమ్మ సంగతి చెప్పింది. ఎలా పోయిందో, ఏ జబ్బో చెప్పలేదు. డాక్టర్ చూపించిన సొనల వరసని వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పింది, రేపటిది, ఎల్లుండిది, ఆ తర్వాతిది అని. పిన్ని చేతిలోని ఖాళీ గిన్నెని గోడ మీద పెట్టి మొత్తం వింది. ఎందుకు పోయిందని ఆవిడ కూడా అడగలేదు.