బాపట్లలో ఒక విందు

నేను 35 ఏండ్లు ఉపాధ్యాయుడనుగాను, ప్రధానోపాధ్యాయుడనుగాను పనిచేసితిని. పాఠము అప్పజెప్పని బాలురను మందలించుటకు ఆ కాలమున నాకొక మాట అలవాటైనది. "చదువకున్న నాగలి పట్టవలసివచ్చునురా!" అని గద్దించెడివాడను. ఆ మాటలో తప్పున్నదని నాకు ఏనాడును తోచలేదు. తప్పని నాకు తెలియజెప్పినది మా మనుమరాలు. చెప్పిన చోటు పాఠశాల కాదు, బాపట్లలోని ఒక చిన్న హోటలు.

ఆమె బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరెదనన్నప్పుడు నేను అడ్డుచెప్పితిని. "మా తండ్రి కౌలురైతు. ఆయన రెక్కలు ముక్కలు చేసికొని నన్ను చదివించినది ఆ పొలమునుండి తప్పించుటకే గదా! నీవు మరల ఆ బురదలోనికే పోదువా?" అంటిని. ఆమె ఎదురాడలేదు, తన సంకల్పమును విడువనులేదు. నాలుగేండ్లు గడచినవి. ఆ నాలుగేండ్లలో నేనొక్కసారియు ఆ ఊరు పోలేదు. తుదకు చదువు ముగిసినది. "తాతయ్యా! వసతిగృహము ఖాళీ చేయు దినమున మీరు తప్పక రావలెను. నా ఉపకారవేతనములో మిగిల్చిన సొమ్ముతో ఆ రాత్రి అందరకు విందు చేసెదను" అని ఆమె పిలిచెను. కాదనలేక కూతురితోను, అల్లునితోను రైలెక్కితిని.

చిన్న ఊరు, చూడదగినదేమి యుండునని తలచితిని. కాని స్టేషను దాటి నాలుగు వీథులు తిరుగునప్పటికే నా తలపు మారినది. భావనారాయణస్వామి పేరిట భావపురియై, అదియే బాపట్ల యైనదని పెద్దలందురు. 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది ఇచ్చటనే. వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. 2022లో ఊరు జిల్లా కేంద్రమైనది. అయినను పల్లె నెమ్మదిని విడువలేదు. సాయంకాలమున సూర్యలంక సముద్రమునుండి చల్లనిగాలి వీచుచుండెను. టీ దుకాణముల యొద్ద విద్యార్థులు గుంపులుగా నిలిచి, పత్తిని తొలుచు పురుగును గూర్చి వాదించుకొనుచుండిరి. ఒక పురుగును గూర్చి అంత ఉత్సాహముతో మాటాడు యువకులను నేనెన్నడును చూచియుండలేదు.

హోటలు చిన్నదైనను శుభ్రముగా నుండెను. మా మనుమరాలిని చూడగనే యజమాని, "పరీక్ష ప్యాసైనదా అమ్మా?" అని అడిగి, ఔననగనే మిఠాయి తెప్పించి, "ఇది నా లెక్కలోనిది" అనెను. అరటియాకులు పరచిరి. వేడియన్నము, ముద్దపప్పు, నెయ్యి, గోంగూరపచ్చడి, దొండకాయవేపుడు, మజ్జిగపులుసు వడ్డించిరి. మా అల్లుడు చేపలవేపుడు కూడ తెప్పించుకొనెను. ప్రక్కబల్లపై కళాశాల బాలురు తమ మిత్రుని పుట్టినరోజు జరుపుకొనుచు, ఆ మిఠాయిలో మాకును పాలు పెట్టిరి.

కడుపు నిండినది. రెండు గుప్పెళ్ళ అన్నము మిగిలియుండగనే నేను ఆకు మడచితిని. మనుమరాలు నా వంక చూచి, "తాతయ్యా! ఈ అన్నము ఏ ఊరిదో ఎరుగుదురా?" అనెను.

"ఏదో బియ్యపుకొట్టునుండి వచ్చియుండును" అంటిని. అందరు నవ్విరి.

"ఇది సాంబ మసూరి. బీపీటీ 5204 అని దీని పేరు. బీపీటీ యనగా బాపట్లయే. ఈ ఊరి పరిశోధనస్థానమున పుట్టి, 1986లో రైతులకు అందినది. మన యింట మీరు దినదినము తినునదియు ఇదియే" అని ఆమె చెప్పెను.

పదము వినిన వ్యుత్పత్తి అడుగుట పండితుల అలవాటు. "దీని పుట్టుపూర్వోత్తరము లేమి?" అంటిని.

"కోయంబత్తూరున రూపొందిన జీఈబీ 24, తైవాను పొట్టిరకము తైచుంగ్ నేటివ్ 1, మలేషియానుండి వచ్చిన మసూరి, ఈ మూటి కలయికవలన కలిగినది. మసూరి అన్నము రుచియే కాని, దాని కాడ పొడవు. గాలి గట్టిగా వీచిన చేను పడిపోవును. అందుచే పొట్టిరకముతో కలిపిరి."

పడిపోవును! ఆ మాట నన్ను వెనుకకు లాగికొనిపోయెను. నేను తెలుగు పండిత శిక్షణలో నుండగా ఒక కార్తికమున సెలవులకు ఇంటికి వచ్చితిని. మా తండ్రి ఆ యేడు మసూరి నాటియుండెను. కోతకు వారము దినములుండగా గాలివాన పట్టుకొనెను. తెరపియిచ్చిన పిదప చూడగా, చేనంతయు నీటిలో చాప పరచినట్లు పడియుండెను. కంకులమీదనే గింజలు మొలకెత్తినవి. మా తండ్రి గట్టుమీద కూర్చుండి, ప్రొద్దు క్రుంకువరకు ఒక్క మాటయు మాటాడలేదు. అంతయు దైవలిఖితమని ఊరివారనిరి. నేనును అంతే యనుకొంటిని. నాటినుండి నాగలియనిన నాకు భయము. ఆ భయమే క్రమముగా చులకనభావమైనది. కాని అట్టి చేలనే చూచి, ఈ కాడ ఏల పడినది, పడకుండ నేమి చేయవలెనని ప్రశ్నించినవారును ఉండిరి. వారికి చదువు తెలియును, సేద్యమును తెలియును.

"ఇంకను పని మిగిలియున్నది తాతయ్యా!" అని మనుమరాలు చెప్పుచుండెను. "దీనికి ఎండాకుతెగులు సోకును. దానిని తట్టుకొను సాంబ మసూరిని హైదరాబాదు శాస్త్రజ్ఞులు రూపొందించిరి. అది 2008లో విడుదలైనది. కాని అగ్గితెగులు బెడద తీరలేదు. పై చదువులలో దానిని గూర్చియే పనిచేయదలచితిని."

నేను మడచిన ఆకు విప్పి, మిగిలిన అన్నమును మెతుకు విడువక తింటిని. "అమ్మా! నాడు నీకు అడ్డుచెప్పుట నా పొరపాటు" అంటిని. ఆమె కన్నులు చెమర్చినవి. "చేయి కడుగుకొనుడు తాతయ్యా! గాలి చల్లగా నున్నది, నడచిపోదము" అని మాత్రము అనెను.

బాలబాలికలారా! నాచేత ఆ మాట పడిన నా శిష్యులు నేడు పెద్దవారైరి. వారిలో అనేకులు సేద్యము చేయుచున్నారు. వారు పండించుచుండగా నేను తినుచున్నాను. అందరను వెదకి క్షమాపణ చెప్పుకొనుట నాకు సాధ్యము కాదు. కావున మీతో చెప్పుచున్నాను: నాగలి పట్టువానికి చదువు అక్కరలేదనువాడు నాగలిని ఎరుగడు, చదువును ఎరుగడు.